ఒంటి చేత్తో ‘అమ్మ’ అని టైపు చేయాలంటే... (వికలాంగులకు కంప్యూటర్ కీబోర్డులో ఉన్న సదుపాయాలు)



పలమనేరు దగ్గర పల్లె నుంచి ఒక అమ్మాయి వాళ్ళమ్మతో కలిసి మా ఓపీకి వచ్చింది. వయసు ఇరవై మూడు. పుట్టినప్పుడే మెదడుకు దెబ్బ తగలడం వల్ల ఎడమ చెయ్యి, ఎడమ కాలు సరిగా పనిచేయవు. చెయ్యి మోచేతి దగ్గర ముడుచుకుని ఉంటుంది, వేళ్ళు తెరుచుకోవు. అయితే ఆమె వచ్చింది దాని కోసం కాదు, మెడ నొప్పికి. నేను బీపీ చూస్తూ ఉంటే ఆమె గడ్డం కింద రూపాయి బిళ్ళంత మేర చర్మం నల్లగా, కాయ కాసినట్టు గట్టిపడి కనిపించింది. తామర అనుకున్నాను. “ఏం పూస్తున్నావమ్మా దీనికి?” అని అడిగాను. ఆ అమ్మాయి తల వంచుకుంది. వాళ్ళమ్మ చెప్పింది: “పూసేది ఏం లేదు సిస్టరమ్మా. కంప్యూటరు కొట్టేటప్పుడు గడ్డంతో బటన్ ఒత్తతాది. రెండో చెయ్యి రాదు గదా.”

టౌనులో ఒక డీటీపీ సెంటరులో ఆ అమ్మాయి శుభలేఖలు, కరపత్రాలు, అర్జీలు టైపు చేస్తుంది. కొన్ని అక్షరాలకు రెండు మీటలు ఒకేసారి నొక్కాలి. ఒక మీట కుడి చేత్తో, రెండోది గడ్డంతో. రోజుకు ఎన్ని వందలసార్లు మెడ వంచి ఉంటుందో ఆలోచించండి. నొప్పి రాక ఏమవుతుంది?

ఆమెను ఒక ప్రశ్న అడిగాను. “షిఫ్ట్ మీట ఊరికే నాలుగైదుసార్లు నొక్కితే స్క్రీను మీద ఒక పెట్టె వస్తుంది కదా, దాన్ని ఏం చేస్తావు?”

“అది ఊరికే వస్తా ఉంటాది మేడం. ‘నో’ కొట్టేస్తా.”

రెండేళ్ళుగా ‘నో’ కొడుతూనే ఉంది. నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే వార్డు కంప్యూటరు దగ్గర నేనూ ఎన్నో ఏళ్ళు అదే చేశాను. మీలో కంప్యూటరు వాడేవారు కూడా ఆ పెట్టెను చూసే ఉంటారు, విసుక్కుని మూసేసే ఉంటారు. ఆ పెట్టె సరిగ్గా ఇలాంటి అమ్మాయి కోసమే పెట్టినది. (ఈ సంగతి ఆమె అనుమతితోనే, పేరు చెప్పకుండా రాస్తున్నాను.)

ఒక చిన్న మాట. కంప్యూటరు వాళ్ళు బటన్లను ‘కీలు’ అంటారు. నర్సులకు ఆ మాట వింటే కీళ్ళ నొప్పులే గుర్తొస్తాయి. అందుకని ఈ వ్యాసంలో ‘మీటలు’ అనే రాస్తాను.

స్టిక్కీ కీస్ అంటే ఏమిటి?

షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్, విండోస్ అనే నాలుగు మీటలు ఒంటరిగా పెద్దగా పనిచేయవు. వాటిని పట్టుకుని ఉండగా ఇంకో మీట నొక్కాలి. రెండు చేతులు బాగున్నవారు ఆ సంగతి గమనించను కూడా గమనించరు. ఒక చెయ్యి లేనివారికి, పక్షవాతంలో చెయ్యి పడిపోయినవారికి, కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయినవారికి, నోటితో కర్ర పట్టుకుని టైపు చేసేవారికి అదే పెద్ద గోడ. స్టిక్కీ కీస్ పెట్టుకుంటే షిఫ్ట్ నొక్కి వదిలేయవచ్చు. కంప్యూటరు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. తరువాత నొక్కిన అక్షరానికి దాన్ని కలుపుతుంది. వరుసగా రెండుసార్లు నొక్కితే షిఫ్ట్ తాళం వేసినట్టు నిలిచిపోతుంది, మూడోసారి నొక్కితే వదిలేస్తుంది. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కాల్సి వచ్చినా ఒకటి తరువాత ఒకటి నింపాదిగా నొక్కుకోవచ్చు.

పెట్టుకోవడం సులువు. విండోస్ ఉన్న కంప్యూటరులో షిఫ్ట్ మీటను వరుసగా 5 సార్లు నొక్కండి. శబ్దం వచ్చి పెట్టె తెరుచుకుంటుంది. ‘యెస్’ అనండి. అంతే. లేదా విండోస్ మీట నొక్కి, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, విండోస్ 11 అయితే యాక్సెసిబిలిటీ, విండోస్ 10 అయితే ఈజ్ ఆఫ్ యాక్సెస్ తెరిచి, అందులో కీబోర్డ్ అనే చోటుకు వెళ్ళండి. దీనికి డబ్బు కట్టనక్కరలేదు, ఏదీ కొత్తగా ఎక్కించనక్కరలేదు, ఇంటర్నెట్ కూడా అవసరం లేదు. ఆపిల్ వారి మ్యాక్ కంప్యూటర్లలోనూ, లినక్స్‌లోనూ ఇలాంటివే ఉన్నాయి.

ఇది నిన్నమొన్న వచ్చింది కాదు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన ట్రేస్ సెంటర్ అనే సంస్థ, గ్రెగ్ వాండర్‌హైడెన్ గారి నాయకత్వంలో 1980లలో ఈ పనులు చేసింది. 1995లో వచ్చిన విండోస్ 95 నుంచి ఇవి విండోస్‌లో భాగమయ్యాయి. అంటే మన చిత్తూరు, తిరుపతి వీధుల్లో ఇంటర్నెట్ సెంటర్లు తెరిచిన రోజు నుంచీ ప్రతి కంప్యూటరులోనూ ఉన్నాయి. మనకు చెప్పినవారే లేరు.

తెలుగు టైపు చేసేవారికి ఇది ఇంకా అవసరం

ఇంగ్లీషులో షిఫ్ట్ పెద్దక్షరాలకే. కష్టమైతే అన్నీ చిన్నక్షరాల్లోనే కొట్టేయవచ్చు, అర్థం మారదు. తెలుగు అలా కాదు. భారత ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును తీసుకోండి. విండోస్‌లో తెలుగు భాష చేర్చుకుంటే అది వస్తుంది. అందులో గుణింతపు గుర్తులన్నీ మామూలుగా పడతాయి. అచ్చులకు మాత్రం షిఫ్ట్ కావాలి. ఇంగ్లీషు డి ఉన్న మీట ఊరికే నొక్కితే పొల్లు వస్తుంది, షిఫ్ట్‌తో నొక్కితే ‘అ’ వస్తుంది. ఖ, ఘ, ఛ, థ, ధ, భ లాంటి ఒత్తు పలికే అక్షరాలకు షిఫ్ట్. ణ, ళ, శ, ష లకు కూడా షిఫ్టే.

బడిలో మనం మొట్టమొదట నేర్చుకునే మాట ‘అమ్మ’. ఒంటి చెయ్యి ఉన్నవారు ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ మాటలోని మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతారు. స్టిక్కీ కీస్ ఉంటే ఇలా కొట్టవచ్చు: షిఫ్ట్ నొక్కి వదలండి, డి, సి, డి, సి. మొత్తం ఐదు నొక్కులు, ఒక్కొక్కటీ ఒక్క వేలితోనే. మొదటి డి ‘అ’ అవుతుంది, సి ‘మ’ అవుతుంది, రెండో డి పొల్లు అవుతుంది, మళ్ళీ సి కొడితే మకారానికి మ వత్తు పడుతుంది.

మా అమ్మాయికి సాధనకు మన ఊళ్ళ పేర్లే రాసి ఇచ్చాను. చిత్తూరు, తిరుపతి, పలమనేరు, పుత్తూరు, మదనపల్లె – వీటికి షిఫ్ట్ అసలు అక్కరలేదు. కాణిపాకానికి ఒకసారి కావాలి, ‘ణ’ ఉంది కాబట్టి. శ్రీకాళహస్తికి రెండుసార్లు. మొదటి జాబితా ఒక రోజు, రెండో జాబితా మరుసటి రోజు కొట్టమన్నాను. మీరు ఎవరికైనా నేర్పితే ఇలాగే తేలిక మాటలతో మొదలుపెట్టండి. మొదటి రోజే కష్టమైన పని ఇస్తే “నా వల్ల కాదు” అనే మాట వస్తుంది. ఫిజియోథెరపీలోనూ మేము రోజూ చూసేది ఇదే.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి, అంటే ఎ, ఎం, ఎం, ఎ కొడితే ‘అమ్మ’ వచ్చేది, షిఫ్ట్ బాధ కొంత తగ్గిస్తుంది. సొంత ఉత్తరాలకు అది చాలు. కానీ ఉద్యోగ పరీక్షలో ఇన్‌స్క్రిప్ట్ అడిగితే అక్కడ అది పనికిరాదు. అందువల్ల ఉద్యోగానికి సిద్ధపడేవారు ప్రకటనలో ఏ కీబోర్డు అని రాశారో ముందే చదువుకోవాలి.

ఇక్కడ ఒక చిక్కు గురించి చెప్పాలి. అమ్మాయి వారం తరువాత ఫోను చేసింది. “మేడం, పొద్దున పెడతా ఉంటే మధ్యాన్నానికి పోతా ఉంది.” సెంటరు యజమాని కొడుకు కూడా అదే కంప్యూటరు వాడతాడు. అతను కంట్రోల్, సి రెండూ కలిపి నొక్కగానే స్టిక్కీ కీస్ ఆగిపోతోంది. రెండు మీటలు ఒకేసారి నొక్కగలిగేవారు వచ్చారంటే దీని అవసరం లేదని కంప్యూటరు అనుకుంటుంది. సెట్టింగ్స్‌లో స్టిక్కీ కీస్ పేజీ తెరిస్తే, రెండు మీటలు ఒకేసారి నొక్కినప్పుడు ఆపివేయాలా అనే వరుస ఒకటి ఉంటుంది. దాన్ని తీసేయాలి. అప్పుడు ఇద్దరూ ఒకే కంప్యూటరు వాడుకోవచ్చు. రెండు చేతులున్నవారికి దీనివల్ల వచ్చే ఇబ్బంది చాలా తక్కువ, వాళ్ళు మామూలుగానే కలిపి నొక్కవచ్చు. ఇంట్లో, ఆఫీసులో ఇలాంటివారు ఉంటే దయచేసి “ఏందో సెట్టింగు మారింది” అని దాన్ని ఆపేయకండి.

ఇది శాశ్వత వైకల్యం ఉన్నవారికే అనుకోవద్దు. బైకు మీద నుంచి పడి చెయ్యి విరిగితే మన వైపు ముందుగా వినిపించే మాట పుత్తూరు కట్టు. కట్టు పుత్తూరుదైనా, ఆసుపత్రి పిండి కట్టైనా, కొన్ని వారాలు చెయ్యి కదపకూడదు. ఆ వారాల్లో కాలేజీ ప్రాజెక్టు ఆగిపోనక్కరలేదు.

వణికే చేతులకు ఫిల్టర్ కీస్

చిత్తూరులో ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు గారు ఉన్నారు. పార్కిన్సన్ జబ్బు, మన భాషలో వణుకుడు వాతం. అమెరికాలో ఉన్న కొడుక్కి ఈమెయిల్ రాస్తే ఒక్క ‘క’ కొట్టబోతే ‘కకకక’ పడుతుంది. మనవడు కీబోర్డు పాడైందని రెండుసార్లు కొత్తది కొన్నాడు. మూడోదీ అంతే. ఆయన రాయడమే మానేశారు. “నేను రాసేది చూసి వాడికి దిగులు పుడతాదమ్మా” అన్నారు. కీబోర్డులో తప్పు లేదు. చెయ్యి వణికినప్పుడు వేలు అదే మీటను మళ్ళీ తాకుతోంది, లేదా ఎత్తడం ఆలస్యమవుతోంది.

దీనికి ఫిల్టర్ కీస్ అనే సదుపాయం ఉంది. అందులో మూడు భాగాలు. బౌన్స్ కీస్ పెడితే ఒకే మీట వెంటవెంటనే రెండుసార్లు తగిలినా ఒక్కసారే లెక్కలోకి తీసుకుంటుంది. స్లో కీస్ పెడితే మీటను కొంతసేపు పట్టుకుంటేనే అక్షరం పడుతుంది. వెళ్ళే దారిలో పొరపాటున తగిలినవి పడవు. రిపీట్ కీస్‌లో, మీట పట్టుకుని ఉంటే అక్షరం తిరిగి తిరిగి పడటాన్ని ఆలస్యం చేయవచ్చు, పూర్తిగా ఆపేయవచ్చు.

మూడూ ఒకేసారి పెట్టకండి. ముందు ఏ రకం తప్పు వస్తోందో పది వాక్యాలు కొట్టించి చూడండి. ఒకే అక్షరం రెండుమూడుసార్లు పడితే బౌన్స్ కీస్. అక్షరాల బారు పొడుగ్గా వస్తే రిపీట్. పక్క అక్షరాలు దూరిపోతుంటే స్లో కీస్. సమయం అర సెకను దగ్గర మొదలుపెట్టి అవసరమైతేనే పెంచండి. ఎక్కువ పెడితే పని నత్తనడక అవుతుంది, మనిషికి విసుగు వస్తుంది. మా మాస్టారు గారికి బౌన్స్ కీస్ ఒక్కటే సరిపోయింది. మందు వేసుకున్న గంటకు వణుకు తగ్గుతుంది కాబట్టి ఉత్తరాలు ఆ సమయంలో రాసుకోమని చెప్పాను. ఇది కంప్యూటరు వాళ్ళు చెప్పరు, మేమే చెప్పాలి.

తెలుగు విషయంలో ఇక్కడ ఇన్‌స్క్రిప్ట్ ఒక మేలు చేస్తుంది. ‘అమ్మ’, ‘అక్క’, ‘చెట్టు’ లాంటి మాటల్లో రెండు అక్షరాల మధ్య పొల్లు కొట్టాలి గనుక, అదే మీట వెంటనే రెండోసారి నొక్కే పని పడదు. అందువల్ల బౌన్స్ కీస్ అడ్డం రాదు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవారు మాత్రం రెండు ఎం ల మధ్య ఒక్క క్షణం ఆగాలి. లేకపోతే ‘అమ్మ’ కాస్తా ‘అమ’ అవుతుంది.

ఫిల్టర్ కీస్ తెలియకుండా పడిపోవడం కూడా ఉంది. కుడివైపు షిఫ్ట్ మీటను 8 సెకన్లు పట్టుకుంటే దాని పెట్టె వస్తుంది. ఒక రాత్రి డ్యూటీలో మా వార్డు కీబోర్డు మూల మీద కేసు షీట్ల ఫైలు పెట్టాము. పెట్టె వచ్చింది, ఎవరో చూడకుండా ఎంటర్ కొట్టారు. ఇక ఎంత టైపు చేసినా అక్షరం పడలేదు. తెల్లవారి కంప్యూటర్ ఆపరేటరు వచ్చేదాకా “కీబోర్డు చచ్చిపోయింది” అని కాగితం మీదే రాసుకున్నాము. మీ కీబోర్డు ఉన్నట్టుండి పనిచేయకపోతే కొత్తది కొనేముందు కుడి షిఫ్ట్‌ను మళ్ళీ 8 సెకన్లు పట్టుకుని చూడండి.

మిగిలినవి

మౌస్ పట్టుకోలేనివారికి మౌస్ కీస్ ఉంది. ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ మూడూ నొక్కితే, కీబోర్డు కుడి పక్కన అంకెలున్న భాగం మౌసులా పనిచేస్తుంది. 8 పైకి, 2 కిందికి, 4 ఎడమకు, 6 కుడికి, మధ్యలో 5 నొక్కితే క్లిక్. చిన్న ల్యాప్‌టాపుల్లో ఆ అంకెల భాగం ఉండదు, విడిగా కొని తగిలించుకోవాలి. టాగిల్ కీస్ పెడితే క్యాప్స్ లాక్ వంటివి పొరపాటున పడినప్పుడు శబ్దం వస్తుంది. చూపు మందగించినవారికి కూడా ఇది మంచిది.

కీబోర్డే ముట్టుకోలేనివారికి స్క్రీను మీద కీబోర్డు కనిపిస్తుంది. విండోస్, కంట్రోల్, ఓ నొక్కితే వస్తుంది. మౌస్ బాణాన్ని అక్షరం మీద కాసేపు నిలిపితే చాలు, క్లిక్ చేయకుండానే పడేట్టు పెట్టుకోవచ్చు. ఒకే ఒక్క మీటతో కూడా పనిచేయించవచ్చు. కంప్యూటరే ఒక్కొక్క వరుసను వెలిగిస్తూ పోతుంది, కావలసిన చోట మనం నొక్కాలి. ప్రసిద్ధ శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ గారు చివరి సంవత్సరాల్లో చెంప కండరం కదిలికతో ఇలాంటి పద్ధతిలోనే రాసేవారు. తెలుగు భాష పెట్టుకుంటే స్క్రీను కీబోర్డు మీద తెలుగు అక్షరాలే కనిపిస్తాయి కనుక, ఇన్‌స్క్రిప్ట్ కొత్తగా నేర్చుకునేవారు కూడా పక్కన తెరిచిపెట్టుకోవచ్చు.

“ఇవన్నీ ఎందుకు, ఫోనులో మాట్లాడితే తెలుగు పడుతుంది కదా” అని కొందరు అంటారు. నిజమే, గూగుల్ కీబోర్డులో 2017 నుంచి తెలుగులో మాట్లాడి రాసే వీలుంది. అయితే అందరి ముందు పైకి చెప్పలేని సంగతులు ప్రతివారికీ ఉంటాయి. డాక్టరుకు రాసే లక్షణాలు, బ్యాంకు సంగతులు, పెళ్ళి విషయం. నోటితో చెప్పి రాయిస్తే ఇల్లంతా వింటుంది. పక్షవాతం వచ్చినవారికి మాట స్పష్టంగా లేకపోతే అదీ కుదరదు.

చేతికి తగ్గ పరికరం, శరీరానికి తగ్గ కూర్చునే తీరు

సెట్టింగు మార్చడం ఐదు నిమిషాల పని. శరీరాన్ని సరిచేసుకోవడానికి ఎక్కువ ఓపిక కావాలి. ఈ విషయంలో మనం అదృష్టవంతులం. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో వేలూరు ఉంది. అక్కడి సీఎంసీలో పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్ గారికి 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని నడుము కింద భాగం పడిపోయింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తరువాత అమెరికాలో పునరావాస వైద్యం చదివి వచ్చారు. 1966లో వేలూరులో పునరావాస కేంద్రం తెరవడానికి ఆమే కారణం. 1972లో పద్మశ్రీ వచ్చింది. తిరుపతిలో టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి ఉంది. ఇలాంటి చోట్ల ఆక్యుపేషనల్ థెరపీ విభాగం ఎక్కడుందో అడగండి. నడక గురించి అడిగేవారు చాలామంది ఉన్నారు, టైపింగు గురించి అడిగేవారు తక్కువ. అడగడానికి మొహమాటపడకండి.

వేళ్ళు పట్టు దొరకనివారికి అరచేతి చుట్టూ వేసుకునే పట్టీ ఉంటుంది. దాని జేబులో చెంచా పెడితే అన్నం తినవచ్చు, పెన్సిలు తిరగేసి పెడితే రబ్బరు వైపుతో మీటలు నొక్కవచ్చు. చెరకు గానుగలో వేళ్ళు పోగొట్టుకున్నవారికి, మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఇది బాగా ఉపయోగపడుతుంది. చెయ్యి అదుపులో లేక పక్క మీటల మీద పడుతుంటే, ప్రతి మీటకు ఒక రంధ్రం ఉన్న యాక్రిలిక్ పలకను కీబోర్డు మీద పరుస్తారు. చెయ్యి పలక మీద ఆనించి, రంధ్రంలో వేలు పెట్టి నొక్కవచ్చు. కీబోర్డు జారిపోకుండా కింద తడిపి పిండిన గుడ్డ గానీ రబ్బరు షీటు గానీ వేయండి.

ఒంటి చేత్తో పనిచేసేవారు కీబోర్డును పనిచేసే చెయ్యి వైపుకు జరుపుకోవాలి. అక్షరాల నడిమి భాగం ఆ చేతికి ఎదురుగా రావాలి. మంచి చెయ్యి రెండు చేతుల పని చేస్తోందని మరిచిపోవద్దు. అరగంటకొకసారి ఆపి, భుజం, మణికట్టు కదిలించాలి. ఆ చేతికీ తిమ్మిర్లు మొదలయ్యాయంటే వెంటనే చూపించుకోండి, దాన్నీ పోగొట్టుకుంటే ఇబ్బంది రెట్టింపు. పక్షవాతం వచ్చిన చెయ్యి కుర్చీ పక్కన వేలాడకూడదు, భుజం కీలు జారుతుంది. దాన్ని బల్ల మీద దిండు పెట్టి ఆనించండి.

కుష్ఠు వల్ల స్పర్శ పోయిన వేళ్ళతో టైపు చేసేవారు పని ముగిశాక వేళ్ళను రోజూ వెలుతురులో చూసుకోవాలి. ఎర్రబడితే, పొక్కు లేస్తే నొప్పి తెలియదు, పుండయ్యాకే తెలుస్తుంది. చక్రాల కుర్చీలో కూర్చునేవారు పనిలో మునిగి గంటలు గడిపేస్తారు. పావుగంటకు, ఇరవై నిమిషాలకు ఒకసారి చేతుల మీద లేచి గానీ, పక్కకు, ముందుకు ఒరిగి గానీ పిరుదుల మీద బరువు తీయాలి. నేను వార్డులో చూసిన పడక పుళ్ళలో కొన్ని మంచం మీద వచ్చినవి కావు, కుర్చీలో వచ్చినవి. ఫోనులో అలారం పెట్టుకోండి.

పరీక్ష హాలులో

కుడి చెయ్యి లేని ఒక అబ్బాయి ఒక ఉద్యోగానికి టైపింగు పరీక్ష రాయడానికి వెళ్ళాడు. కూర్చోగానే షిఫ్ట్ 5 సార్లు నొక్కాడు. పెట్టె వచ్చింది. పర్యవేక్షకుడు పరుగున వచ్చి, ఏదో తప్పుడు పని చేస్తున్నాడనుకుని దాన్ని మూసేసి, మళ్ళీ ముట్టుకోవద్దన్నాడు. సగం పేరాతో సమయం అయిపోయింది. ఆ పర్యవేక్షకుడు చెడ్డవాడని నేను అనను. ఆయనకు ఎవరూ చెప్పలేదు. కానీ ఆ అబ్బాయికి ఆ అవకాశం పోయింది.

అందుకని ఈ మాటలు గుర్తుపెట్టుకోండి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 21 రకాల వైకల్యాలను అది గుర్తించింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతానికి తక్కువ కాకుండా రిజర్వేషను ఇవ్వాలంది. అంతకన్నా ఇక్కడ ముఖ్యమైనది, ‘తగిన సర్దుబాటు’ అనే మాటను ఆ చట్టం రాసిపెట్టింది. అంటే వికలాంగులు ఇతరులతో సమానంగా తమ హక్కులు వాడుకోవడానికి, అవతలివారికి మోయలేని భారం కాని మార్పులు చేసి ఇవ్వాలి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే జబ్బున్న ఒక అభ్యర్థికి రాసిపెట్టే మనిషిని ఇవ్వాలని తీర్పు చెబుతూ ఈ సూత్రాన్ని గట్టిగా నిలబెట్టింది. ముందే కంప్యూటరులో ఉన్న, పైసా ఖర్చు లేని సదుపాయాన్ని తెరిచి పెట్టడం ఎవరికీ భారం కాదు.

దరఖాస్తు చేసేటప్పుడే ‘స్టిక్కీ కీస్ కావాలి’ లేదా ‘ఫిల్టర్ కీస్ కావాలి’ అని పేరు పెట్టి రాయండి. ఉత్త ‘సహాయం కావాలి’ అంటే ఎవరికీ అర్థం కాదు. సదరం సర్టిఫికెట్టు గానీ యూడీఐడీ కార్డు గానీ నకలు జత చేయండి. ఉత్తరం మీద ముద్ర వేయించుకున్న కాపీ మీ దగ్గర ఉంచుకోండి. పరీక్ష రోజున త్వరగా వెళ్ళి, మొదలుకాకముందే అక్కడివారి చేత పెట్టించుకోండి. కొన్ని పరీక్షల కంప్యూటర్లలో ఇలాంటి మీటలను ముందే బంధించి ఉంచుతారు, అప్పటికప్పుడు మీరు పెట్టుకోలేరు. తాళం వేసిన కంప్యూటరైతే, పాస్‌వర్డు అడిగే తెర మీదే కుడివైపు కింది మూలలో మనిషి బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే లోపలికి వెళ్ళకముందే స్టిక్కీ కీస్ పెట్టుకోవచ్చు.

ఆ అబ్బాయి ఇప్పుడు మళ్ళీ దరఖాస్తు చేశాడు. ఈసారి ఉత్తరం ఆక్యుపేషనల్ థెరపిస్టు, నేను కూర్చుని రాయించాము. టైపు చేసింది అతనే.

పలమనేరు అమ్మాయి రెండు నెలల తరువాత పరీక్షకు వచ్చింది. గడ్డం కింద నలుపు చాలా వరకు పోయింది. మెడకు వేడి కాపడం, వ్యాయామం చాలన్నారు డాక్టరు గారు. అన్నీ బాగున్నాయి గానీ ఒక ఫిర్యాదు ఉందంది. షిఫ్ట్ నొక్కినప్పుడల్లా వచ్చే ‘టిక్’ శబ్దానికి సెంటరు యజమాని విసుక్కుంటున్నాడట. స్టిక్కీ కీస్ పేజీలోనే, కాస్త కిందికి వెళితే, శబ్దం చేయాలా అనే వరుస ఉంటుంది. దాన్ని ఆపేయమని చెప్పి పంపాను.